రాక్ ఫాస్ఫేట్ మీ పొలంలో కరుగుతుందా? రాయిలోని భాస్వరాన్ని పంటకు అందించే పద్ధతి

భాస్వరం ఎరువైన డీఏపీ కోసం లైన్లలో నిలబడే సీజన్ వచ్చిందంటే చాలు, రాక్ ఫాస్ఫేట్ గురించి అడిగేవాళ్ళు పెరుగుతారు. ధర తక్కువ, గనిలోంచి తీసి పొడి కొట్టిందే కాబట్టి సేంద్రియ సాగులోనూ వాడుకోవచ్చు, బస్తా మీద 18 శాతం పి2ఓ5 (ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) అని కూడా రాసి ఉంటుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఆ 18 శాతం రాయిలో ఉన్న భాస్వరం, పంటకు వెంటనే అందే భాస్వరం కాదు. అది అందాలంటే రాయి కరగాలి, రాయి కరగాలంటే పులుపు కావాలి. మీ నేలలో ఆ పులుపు ఉంటే నేరుగా చల్లండి, లేకపోతే పెంటదిబ్బలో పులుపు పుట్టించి అందులో కరిగించి తీసుకెళ్ళండి, ఆ రెండూ కుదరకపోతే కొనకండి. కింద రాసేదంతా ఈ మూడింట్లో మీది ఏదో తేల్చుకుని ఎలా చేయాలన్నదే.

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మిగతావన్నీ మీరే ఊహించుకోగలరు. రాక్ ఫాస్ఫేట్‌లో ఉండేది అపటైట్ అనే ఖనిజం, మన ఎముకల్లో పళ్ళలో ఉండేది కూడా ఆ కుటుంబానిదే. కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరిన్ గట్టిగా అల్లుకుని ఉంటాయి. మట్టి నీటిలో ఆమ్లం తగిలినప్పుడు ఆ అల్లిక విడిపోతుంది, కాల్షియం ఒక పక్కకి, ఫాస్ఫేట్ ఒక పక్కకి వస్తాయి. ఇక్కడ మూడు సంగతులు ముఖ్యం: ఆమ్లం అందుతూ ఉండాలి, విడిపోయిన కాల్షియాన్ని ఎవరో ఒకరు తీసుకుపోవాలి (మొక్క తినాలి, లేదా వాన నీటితో కిందికి దిగాలి, లేదా మట్టి పట్టుకోవాలి), విడిపోయిన ఫాస్ఫేట్‌ను వేరు తీసుకోవాలి. ఇప్పటికే సున్నం నిండిన నేలలో మొదటి రెండూ జరగవు. అందుకే నల్లరేగడిలో చల్లిన రాక్ ఫాస్ఫేట్ ఏళ్ళ తరబడి రాయిగానే పడి ఉంటుంది.

ముందు నేల పులుపు తెలుసుకోండి

భూసార పరీక్ష లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఎండాకాలంలో, పొలం ఖాళీగా ఉన్నప్పుడు, ఎకరంలో ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, ఇంగ్లీషు వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కిందికి ఒకే మందంలో మట్టి గీరి తీసుకోండి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంట కుప్పలు పోసిన చోట తీయొద్దు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి. కార్డులో మీరు చూడాల్సినవి పీహెచ్ (పులుపు కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు), సేంద్రియ కర్బనం, భాస్వరం, ఈ మూడూ.

పీహెచ్ 5.5 కంటే తక్కువ ఉంటే మీ నేల రాక్ ఫాస్ఫేట్ కోసమే ఉన్నట్టు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు కొండ నేలలు, ఉత్తరాంధ్ర మెట్టల్లో వాన ఎక్కువ పడి సున్నం కొట్టుకుపోయిన ఎర్ర నేలలు కొన్ని ఈ కోవలోకి వస్తాయి. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే కరుగుతుంది కానీ నిదానంగా, కాబట్టి దానికి తోడు కావాలి. 6.5 దాటితే నేరుగా చల్లడం మానేయండి. 7.5 దాటి, మట్టిలో సుద్ద గులకలు కనిపిస్తుంటే రాక్ ఫాస్ఫేట్ గురించి అసలు ఆలోచించొద్దు, సూపరో (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్) డీఏపీయో వాడుకోండి, దానికి బాధపడాల్సిన పనేమీ లేదు. తెలంగాణలో, రాయలసీమలో చాలా పొలాలు ఈ చివరి రెండు గుంపుల్లోనే ఉంటాయి, అందుకే పక్క జిల్లా రైతుకు పనిచేసిందని విని కొనకండి.

సుద్ద ఉందో లేదో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. ఎండిన మట్టి గడ్డ మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకోండి, బుసబుసమని పొంగితే సున్నం బాగా ఉన్నట్టే. పొంగకపోయినా కొద్దిగా ఉండొచ్చు, అందుకే ఇది పరీక్షకు బదులు కాదు.

భాస్వరం అంకె చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఓల్సన్ అనే మట్టి పరీక్ష పద్ధతిలో హెక్టారుకు భాస్వరం 10 కిలోల లోపు ఉంటే తక్కువ, 25 కిలోలు దాటితే ఎక్కువ అని లెక్క. ఇది మూలకంగా భాస్వరం. కొన్ని కార్డుల్లో పి2ఓ5 గా ఇస్తారు, కొన్నిట్లో ఎకరాకు ఇస్తారు. భాస్వరాన్ని 2.29తో గుణిస్తే పి2ఓ5 వస్తుంది. ఏ లెక్కలో ఇచ్చారో అడిగి రాసుకోండి. ఏళ్ళ తరబడి డీఏపీ వేసిన పొలాల్లో భాస్వరం ఎక్కువ అని రావడం మామూలే. అలా వస్తే ఈ ఏడాది రాయి వద్దు, డీఏపీ కూడా తగ్గించవచ్చు, నేలలో ఉన్నదాన్ని తీసుకునే దారి చూడాలి, అది కింద చెప్తాను.

బస్తా కొనేటప్పుడు

అన్ని రాళ్ళూ ఒకేలా కరగవు. ట్యునీషియాలోని గాఫ్సా, పెరూలోని సెచురా, అమెరికాలోని నార్త్ కరోలినా నిక్షేపాలు తేలిగ్గా కరిగే రకం. మన దేశంలో పెద్ద గని రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా, 1968లో బయటపడింది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా, హీరాపూర్, బెంగాల్‌లో పురూలియా, ఉత్తరాఖండ్‌లో ముస్సోరీ నిక్షేపాలు కూడా ఉన్నాయి. మన విశాఖ వైపు కాశీపట్నంలో ఉన్నది అగ్నిశిలల్లో పుట్టిన అపటైట్, అది ఇంకా మొండిది. ఝామర్‌కోట్రా రాయి కూడా చాలా పాత కాలం నాటిది, అందులో అల్లిక బాగా బిగుసుకుపోయి ఉంటుంది. కాబట్టి వేరే దేశాల్లో వచ్చిన ఫలితాలు చదివి ఇక్కడి బస్తాకి అంటగట్టొద్దు. మనకు దొరికే రాయికి సాయం ఎక్కువ కావాలి.

ఇక మెత్తదనం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రాక్ ఫాస్ఫేట్‌లో మొత్తం పి2ఓ5 కనీసం 18 శాతం ఉండాలి, పొడిలో 90 శాతం 0.15 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, మిగతా 10 శాతం 0.25 మిల్లీమీటర్ల జల్లెడలోంచైనా దిగాలి. అంటే ముఖానికి రాసుకునే పౌడర్ కంటే కొంచెం గరుకు, అంతే. వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా తగిలే సరుకు తీసుకోవద్దు. పటికబెల్లం గడ్డ నీళ్ళలో వేస్తే ఎంతసేపు, పొడి వేస్తే ఎంతసేపు, ఇదీ అంతే: ఆమ్లం తగిలే ఉపరితలం ఎంత ఎక్కువైతే అంత తొందరగా కరుగుతుంది. గుళికలుగా చేసిన రాక్ ఫాస్ఫేట్ చల్లడానికి సుఖంగా ఉంటుంది కానీ కరగడంలో వెనకబడుతుంది, చేను నిండా పరుచుకోదు.

పొడి మీద కూడా వెనిగర్ చుక్కలు వేసి చూడండి. కొద్దిగా నురగ వస్తే ఫర్వాలేదు. పొంగిపొర్లినట్టు వస్తే అందులో సున్నపురాయి కలిసి ఉందని అర్థం, గనిలోనే కలిసి ఉండొచ్చు, తర్వాత కలిపి ఉండొచ్చు. ఎలా కలిసినా మీకు నష్టమే, రాయిని కరిగించాల్సిన ఆమ్లాన్ని ముందు ఆ సున్నం తాగేస్తుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి, బస్తా మీద శాతం, బ్యాచ్ నంబరు లేని సరుకు ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు ప్రామ్ పేరుతో కూడా బస్తాలు వస్తున్నాయి, ఫాస్ఫేట్ రిచ్ ఆర్గానిక్ మెన్యూర్ అని. రాక్ ఫాస్ఫేట్, మాగిన సేంద్రియ ఎరువు కలిపి చేసేదే అది, పి2ఓ5 కనీసం 10.4 శాతం ఉండాలి. డీఏపీకి బదులు ఏ నేలలోనైనా బస్తాకి బస్తా అని చెప్పి అమ్ముతున్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. అందులోదీ రాయే కాబట్టి పీహెచ్ లెక్క దానికీ వర్తిస్తుంది. ఇంట్లో పెంట ఉన్నవాళ్ళు దాన్ని కొనడం కంటే చేసుకోవడం మేలు.

పులుపు నేల ఉన్నవాళ్ళు: నేరుగా వేసే పద్ధతి

లెక్క ఇలా వేసుకోండి. మీ పంటకు ఎకరాకు 24 కిలోల పి2ఓ5 సిఫార్సు అనుకుందాం. డీఏపీలో 46 శాతం ఉంటుంది కాబట్టి 52 కిలోలు సరిపోతుంది, 16 శాతం ఉన్న సూపర్ అయితే 150 కిలోలు, 18 శాతం రాయి అయితే 133 కిలోలు. కానీ మొదటి పంటకు రాయిలోంచి కొంత భాగమే బయటికి వస్తుంది, మిగతాది తర్వాతి పంటలకు. కాబట్టి మొదటి ఏడాది మొత్తం భారం రాయి మీద పెట్టొద్దు. నేనైతే 75 కిలోల సూపర్, దాంతోపాటు 100 కిలోల రాయి వేయమంటాను. సూపర్‌లోని భాస్వరంతో పైరు మొదట్లో వేరు తన్నుకుంటుంది, ఆ వేరు పెరిగాక తనే రాయి దగ్గరికి వెళ్ళి తీసుకుంటుంది. సూపర్‌లో ఉండే గంధకం అదనపు లాభం. పూర్తి సేంద్రియంలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి సూపర్ కుదరదు, వాళ్ళు కింద చెప్పిన దిబ్బ పద్ధతిలోకి వెళ్ళాలి. రాక్ ఫాస్ఫేట్ వాడేముందు సర్టిఫికేషన్ వాళ్ళని ఒకసారి అడగండి, అనుమతి ఉంది కానీ కాడ్మియం లాంటి లోహాల మీద షరతులు ఉంటాయి.

చల్లే పద్ధతి డీఏపీకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. డీఏపీ, సూపర్ విత్తనం దగ్గర సాలులో పడితే మంచిది, చేను నిండా చల్లితే మట్టి పట్టేసుకుంటుంది. రాక్ ఫాస్ఫేట్ సాలులో కుప్పగా పడితే పని చేయదు, చుట్టూ ఉన్న కాస్త మట్టిలో పులుపు అయిపోగానే కరగడం ఆగిపోతుంది. కాబట్టి చేనంతా సమానంగా చల్లి, ఆఖరి దుక్కిలో నాలుగైదు అంగుళాల లోతులో మట్టిలో బాగా కలిసేలా గుంటకో రోటవేటరో తోలండి. గాలి లేని పొద్దుటి పూట, పొడిని కొద్దిగా తడిపి లేదా తడి పెంటలో కలిపి చల్లండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మిగిలిన బస్తా దాణా దగ్గర పెట్టొద్దు. ఇందులో ఫ్లోరిన్ ఉంటుంది, ఖనిజ లవణ మిశ్రమం అనుకుని పశువులకి పెట్టారంటే పళ్ళు, ఎముకలు పాడవుతాయి.

ఎప్పుడు? విత్తడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు, మట్టిలో పదును ఉండగా. పొడి మట్టిలో ఏ చర్యా జరగదు. మరీ నెలల ముందు వేస్తే ఇంకో ఇబ్బంది ఉంది: పులుపు ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం చాలా ఉంటాయి, కరిగిన ఫాస్ఫేట్‌ను వేరు తీసుకోకపోతే అవి పట్టేసుకుంటాయి. వరి పొలం అయితే మరీ జాగ్రత్త. నీళ్ళు నిలబెట్టాక పులుపు నేల పీహెచ్ మెల్లగా 6.5, 7 దగ్గరికి ఎక్కుతుంది, అప్పుడు రాయి కరగదు. అందుకే దమ్ముకి రెండు మూడు వారాల ముందే, పొడి దుక్కిలో, మొదటి వానల పదునులో కలిపేయాలి.

సున్నం వేసే అలవాటున్న చోట ముందు రాయి, తర్వాత సున్నం. ఒకేసారి రెండూ వేస్తే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది. పీహెచ్ 5 కంటే కిందికి దిగి అల్యూమినియం వేర్లని కాల్చేస్తుంటే సున్నం తప్పదు, అప్పుడు కూడా పీహెచ్‌ని 5.5 దాకా తెచ్చి ఆపండి, 6.5కి తీసుకెళ్ళాలని పట్టుబట్టొద్దు. రాయి వేశాక ఒక పంట గడిచాక సున్నం వేస్తే ఇంకా నయం.

కాఫీ, మిరియం, జీడిమామిడి, రబ్బరు లాంటి తోటలకి ఇది బాగా నప్పుతుంది. వాటికి తొందర లేదు, ఏడాది పొడుగునా వేర్లు పని చేస్తుంటాయి, రాలిన ఆకు కుళ్ళుతూ ఆమ్లాలు ఇస్తూనే ఉంటుంది. కేరళ రబ్బరు తోటల్లో, కొడగు కాఫీ తోటల్లో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. నాటే గుంటలో మట్టితో కలిపి వేయండి, పెరిగిన చెట్టుకి కొమ్మల అంచు నీడ పడే చోట చుట్టూ పలచగా చల్లి, పైమట్టి గోకి, ఆకు చెత్త కప్పండి.

దిబ్బలో కరిగించే పద్ధతి

పీహెచ్ 5.5 నుంచి 7.5 దాకా ఉన్న వాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే, పులుపు నేల వాళ్ళకి కూడా ఇది చేస్తే ఇంకా మంచిది. శ్రమ ఉంది, దాచను. కానీ పంట పొలంలో మీరు మార్చలేని పీహెచ్‌ని ఒక దిబ్బలో మూడు నెలలు మార్చగలరు, దీని బలమంతా అక్కడే ఉంది. చెత్త కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు సిట్రిక్, ఆక్సాలిక్ లాంటి ఆమ్లాలు వదులుతాయి, అవి పులుపుతో రాయిని కరిగించడమే కాకుండా కాల్షియాన్ని పట్టుకుని పక్కకి లాగుతాయి. బయటికి వచ్చిన భాస్వరంలో కొంత ఆ జీవుల ఒంట్లో చేరి, అవి చచ్చాక మెల్లగా పొలంలో విడుదలవుతుంది.

జనవరి, ఫిబ్రవరిలో మొదలుపెడితే ఖరీఫ్‌కి అందుతుంది. కావాల్సినవి: ఎండు చెత్త సుమారు 800 కిలోలు (వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, కంది ఆకు, ఏదైనా, జానెడు ముక్కలుగా నరికితే మంచిది), పచ్చి పేడ 400 నుంచి 500 కిలోలు, పాత కంపోస్టు 50 కిలోలు, పొలం మట్టి 50 కిలోలు, రాక్ ఫాస్ఫేట్ 100 నుంచి 125 కిలోలు. ఒట్టి వరిగడ్డే అయితే నత్రజని చాలదు, కుళ్ళడం ఆగిపోతుంది, కాబట్టి గ్లైరిసీడియా, జనుము, కానుగ ఆకు లాంటి పచ్చిరొట్ట ఐదో వంతైనా కలపండి. 125 కిలోల రాయి అంటే 22.5 కిలోల పి2ఓ5. అంటే ఈ దిబ్బ ఒక ఎకరానికి అని గుర్తుపెట్టుకోండి, ఐదెకరాలకి పలచగా చల్లేసి ఫలితం రాలేదనుకుంటే లాభం లేదు.

నీడ ఉన్న, నీళ్ళు నిలవని చోటు చూసుకోండి. పేడని నీళ్ళలో చిక్కటి జావలా కలిపి, అందులోనే రాక్ ఫాస్ఫేట్ పొడి, మట్టి, పాత కంపోస్టు కలిపేయండి. ఇలా కలిపితేనే పొడి ప్రతి గడ్డి పోచకీ అంటుకుంటుంది, పైనుంచి ఎండు పొడి చల్లితే అడుగుకి జారి గడ్డ కట్టుకుపోతుంది. జానెడు మందం చెత్త, దాని మీద ఈ జావ, మళ్ళీ చెత్త, మళ్ళీ జావ, ఇలా ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు వచ్చేలా పేర్చండి, పొడవు ఎంత వస్తే అంత. పైన మట్టితో మెత్తి గానీ, చిల్లులున్న పట్టా కప్పి గానీ తేమ ఆపండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార వస్తే నీళ్ళు ఎక్కువ, అసలు రాకపోతే తక్కువ.

మొదటి రెండు మూడు వారాలు లోపల 55, 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చేయి పెట్టలేనంత వేడి ఉంటే సరిగ్గా నడుస్తున్నట్టే. పదిహేనో రోజు ఒకసారి, నెల నిండాక ఒకసారి, రెండో నెల చివర ఒకసారి తిరగేయండి, బయటి చెత్త లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా.

భాస్వరాన్ని కరిగించే జీవాణువుల్ని, అంటే పీఎస్‌బీని, ఎప్పుడు కలపాలో చాలామంది తప్పుగా చెప్తారు. మొదటి రోజే కలిపితే ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి. నెల రోజుల తిరగేత అప్పుడు, వేడి తగ్గి చేయి పెట్టగలిగే స్థితిలో, కిలోన్నర రెండు కిలోలు నీళ్ళలో కలిపి చల్లండి. ఆస్పర్జిల్లస్ అవమోరి అనే శిలీంధ్రం దొరికితే ఇంకా మంచిది, రాయి మీద శిలీంధ్రాలు వదిలే ఆమ్లాలు బాక్టీరియా కంటే గట్టిగా పని చేస్తాయి.

దిబ్బలో వేయకూడనివి రెండు. మొదటిది బూడిద. పొయ్యి బూడిద తీసుకెళ్ళి పెంటదిబ్బ మీద పోయడం మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో ఉన్న అలవాటు, మామూలు పెంటకి అది మంచిదే, పొటాష్ వస్తుంది, కానీ ఈ దిబ్బకి అది విరుగుడు. బూడిద క్షారం, పుట్టిన ఆమ్లాన్నంతా చంపేస్తుంది. దాన్ని వేరే పోగు పెట్టుకోండి. రెండోది గుడ్లు పెట్టే కోళ్ళ ఫారం పెంట. ఆ కోళ్ళ మేతలో సున్నపురాయి, నత్తగుల్ల పొడి బాగా పెడతారు, పెంటలో ఆ కాల్షియం ఉంటుంది. సున్నం, డోలమైట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గంధకం కలిపితే కరగడం పెరుగుతుంది. గంధకాన్ని థయోబాసిల్లస్ బాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఒక కిలో గంధకం నుంచి సుమారు మూడు కిలోల ఆమ్లం పుడుతుంది. ఆస్ట్రేలియాలో బయోసూపర్ అని ఐదు పాళ్ళ రాయికి ఒక పాలు గంధకం కలిపి చేసేవారు. ఆ లెక్కన మన 100 కిలోలకి 20 కిలోల గంధకం. ధర చూసుకుని వేయండి, నూనె గింజలు వేసేవాళ్ళకి గంధకం ఎలాగూ కావాలి కాబట్టి వాళ్ళకి గిట్టుబాటు అవుతుంది. నిప్పుకి దూరంగా పెట్టండి.

మూడు, నాలుగు నెలలకి చెత్త గుర్తుపట్టలేనంతగా విరిగి, మట్టి వాసన వస్తే సిద్ధం. అంతకంటే ఎక్కువ కాలం ఉంచితే రాయి ఇంకా కరుగుతుందని అనుకోవద్దు. పూర్తిగా మాగిన దిబ్బలో ఆమ్లాలు ఖర్చయిపోయి పీహెచ్ మళ్ళీ 7 పైకి వస్తుంది, అసలు పనంతా చెత్త చురుగ్గా కుళ్ళే రోజుల్లోనే జరుగుతుంది. ఆఖరి దుక్కిలో వేసి అదే రోజు కలిపేయండి, ఎండలో కుప్పలు వదిలేయొద్దు. పెంటలోని సేంద్రియ ఆమ్లాలు మట్టిలో ఇనుము, అల్యూమినియం చోట్లని కప్పేస్తాయి, దాంతో కరిగిన భాస్వరాన్ని అవి పట్టుకోవడం కూడా తగ్గుతుంది. నిజం చెప్పాలంటే రాయి మొత్తం కరగదు. కరగనిది పులుపు నేలలో తర్వాత పనికొస్తుంది, క్షార నేలలో అలాగే ఉండిపోతుంది.

పంటతోనే కరిగించడం

పప్పుజాతి పంటలు గాలి నుంచి నత్రజని తీసుకునేటప్పుడు వేరు చుట్టూ మట్టిని పులుపు చేస్తాయి, కాల్షియం కూడా బాగా తింటాయి. అంటే రాయికి కావాల్సిన రెండూ వేరు పక్కనే దొరుకుతాయి. అందుకే పీహెచ్ 6, 6.5 దగ్గర ఉన్న ఎర్ర చల్కల్లో వరికో మొక్కజొన్నకో నేరుగా వేసే బదులు, ముందు జనుముకో పిల్లిపెసరకో రాయి వేసి, పూత దశలో దున్నేయండి. పచ్చిరొట్ట ఒంట్లోకి చేరిన భాస్వరం తర్వాతి పంటకి సులువుగా అందుతుంది.

కంది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది: కంది వేరు పిస్సిడిక్ ఆమ్లం వదిలి, ఎర్ర నేలలో ఇనుము పట్టుకున్న భాస్వరాన్ని విడిపించుకుంటుందని తేలింది. మిగతా పంటలకి అందని నిల్వని కంది తీసుకుంటుంది, దాని ఆకు రాలి నేలకి చేరుతుంది. శనగ వేరేమో సిట్రిక్ ఆమ్లం వదులుతుంది, అది నల్లరేగడిలో కాల్షియం పట్టుకున్న భాస్వరం మీద పని చేస్తుంది. కాబట్టి భూసార కార్డులో భాస్వరం ఎక్కువ అని వచ్చినవాళ్ళు ఎర్ర నేలలో కందిని, రేగడిలో శనగని పంట మార్పిడిలో పెట్టుకుంటే, అది ఏ బస్తా కంటే తక్కువ పని చేయదు.

యూరియా వాడే చోట కొంత నత్రజనిని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో ఇచ్చినా వేరు చుట్టూ పులుపు పెరుగుతుంది. అయితే ఇప్పటికే పీహెచ్ 5 దగ్గర ఉన్న నేలలో దీన్ని ఏటా వాడితే నేల చెడుతుంది.

పొలంలో వేసే పీఎస్‌బీ మోతాదు ఎకరాకు పొడి రూపంలో రెండు కిలోలు, ద్రవం అయితే అర లీటరు, 200 కిలోల మాగిన పెంటలో కలిపి, వారం రోజులు నీడలో తడిగా ఉంచి, విత్తే ముందు సాయంత్రం పూట చల్లాలి. గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టిన ప్యాకెట్ వద్దు, రసాయన ఎరువుతో కలపొద్దు. దీని మీద ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. ల్యాబ్‌లో ఈ బాక్టీరియాని ఎక్కువగా ట్రై కాల్షియం ఫాస్ఫేట్ మీద పరీక్షిస్తారు, అది అపటైట్ రాయి కంటే చాలా తేలిగ్గా కరుగుతుంది. ప్లేట్ మీద కరిగించిన బాక్టీరియా రేగడి మట్టిలో రాయిని అలాగే కరిగిస్తుందని అనుకోకూడదు. పెంట లేని నేలలో దానికి తిండే ఉండదు. పెంటతో కలిపి వాడండి, నేలలో పేరుకున్న డీఏపీ నిల్వ మీద వాడండి, అక్కడ అర్థం ఉంది.

రేగడి రైతులు నన్ను అడిగే ఇంకో ప్రశ్న, గంధకం చల్లి పొలం పీహెచ్ తగ్గించి రాయి కరిగించవచ్చు కదా అని. ఒక్క లెక్క చూడండి. ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు. అందులో సున్నం ఒక్క శాతమే ఉందనుకున్నా తొమ్మిది వేల కిలోలు. దాన్ని తటస్థం చేయడానికే దాదాపు 2900 కిలోల గంధకం కావాలి, ఆ తర్వాత గానీ పీహెచ్ కదలదు. మన రేగడుల్లో సున్నం చాలాచోట్ల అంతకంటే ఎక్కువే. ఆ డబ్బుతో ఎన్నేళ్ళ సూపర్ వస్తుందో మీరే లెక్క కట్టుకోండి.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

మొత్తం పొలంలో ఒకేసారి వేయకండి. ఒకే మడిలో, ఒకే విత్తనంతో, పక్కపక్కనే మూడు పట్టీలు పెట్టండి: ఒకటి భాస్వరం లేకుండా, ఒకటి సూపర్‌తో, ఒకటి మీ దిబ్బ ఎరువు లేదా రాయితో. నత్రజని, పొటాష్ మూడింటికీ ఒకటే. నాటిన నెలకి పిలకలు లెక్కపెట్టండి, మొక్కజొన్న అయితే కింది ఆకుల అంచు ఊదా రంగుకి తిరిగిందేమో చూడండి, కోతప్పుడు ఒక్కో పట్టీ గింజ విడిగా తూచండి. భాస్వరం లేని పట్టీ కూడా మిగతా రెండింటితో సమానంగా పండితే మీ నేలలో నిల్వ చాలానే ఉంది, భాస్వరం ఎరువేదీ అక్కర్లేదు. సూపర్ పట్టీ బాగా పండి రాయి పట్టీ ఖాళీ పట్టీలాగే ఉంటే ఈ నేలలో రాయి కరగడం లేదు. రెండో ఏడాది అదే పట్టీల్లో కొత్తగా భాస్వరం వేయకుండా పంట వేయండి, పులుపు నేలల్లో రాయి పట్టీ అసలు బలం అప్పుడు కనిపిస్తుంది, ఒక్క సీజన్ చూసి తీసిపారేస్తే దానికి అన్యాయం చేసినట్టే.

మళ్ళీ మట్టి పరీక్షకి ఇచ్చేటప్పుడు రాక్ ఫాస్ఫేట్ వేశామని ల్యాబ్ వాళ్ళకి చెప్పండి. ఘాటైన ఆమ్లంతో చేసే పరీక్షలు కరగని రాయిపొడిని కూడా గాజు గొట్టంలోనే కరిగించి, పంటకు అందని దాన్ని అందినట్టు చూపిస్తాయి. అంకెని పట్టీల దిగుబడితో కలిపి చదవండి. రెండూ బాగున్నాయంటే మూడో ఏడాది నుంచి పులుపు నేలలో సూపర్ సగానికి సగం తగ్గించి, రాయిని రెండేళ్ళకోసారి వేస్తే సరిపోతుంది.